కుక్క నోటికి అల్లిన చుట్టకుదురు

పుట్టింట్లో నాకు రెండు విద్యలు అబ్బాయి. ఒకటి లేసు అల్లడం, రెండోది వాదించడం. మొదటిది గోదావరి పాయల మధ్య మా ఊళ్లో ఆడపిల్లలందరికీ వచ్చిందే. రెండోది మా నాన్న చలవ. మా వీధి అరుగు మీద తరచూ సభ జరిగేది. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకుంటే తప్పేమిటి, సముద్రం దాటి వచ్చినవాడు ప్రాయశ్చిత్తం ఎందుకు చేసుకోవాలి, గ్రహణం పూట గర్భిణి కూరగాయ తరిగితే బిడ్డకు ఏమవుతుంది, ఇలాంటి వాటి మీద పెద్దవాళ్లు గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవారు. నేను గుమ్మం లోపల కూచుని, కొక్కెం సూదితో లేసు అల్లుతూ వినేదాన్ని. కొంచెం పెద్దయ్యాక గుమ్మం బయటికి వచ్చి నేనూ మాట్లాడాను. ఎదుటివాడి మాటలో సందు ఎక్కడుందో చూసి, అక్కడ వేలు దూర్చి లాగితే మొత్తం ఊడివస్తుందని అక్కడే నేర్చుకున్నాను.

పెళ్లయి బస్తర్ రాజ్యంలోని కొంటాకు కాపురానికి వచ్చాక ఈ రెండు విద్యలకూ పని లేకుండా పోయింది. శబరి ఒడ్డున మావారి కొట్టు. ఉప్పు, బట్టలు, కిరసనాయిలు అమ్మేవారు. చింతపండు, ఇప్పపువ్వు, తేనెమైనం కొనేవారు. ఇంట్లో తెలుగు, కొట్లో దోర్లీ, ఠాణాలో హిందీ, జగదల్‌పూర్ బండివాళ్లతో హల్బీ. ఇన్ని భాషల్లో దేనిలోనూ లేసు కావాలని అడిగినవాళ్లు లేరు. వాదానికి ఇంట్లో దొరికింది మా అత్తగారు ఒక్కరే. ఆవిడ భద్రాచలం వైపు మనిషి. మడీ ఆచారమూ ఊపిరిగా బతికే మనిషి. నేను అరగంట సేపు కారణాలు చెపితే అంతా విని, "అట్లనే కానీ తీ," అనేవారు. తర్వాత తాను అనుకున్నదే చేసేవారు. ఇలాంటి ప్రత్యర్థి మా అరుగు మీద నాకెప్పుడూ తగల్లేదు.

అప్పుడు కుక్క వచ్చింది. అడవి శాఖ ఉద్యోగి ఒకాయన బదిలీ మీద వెళ్తూ తన కుక్కను మా గుమ్మంలో వదిలిపోయాడు. సగం వేటజాతి, సగం ఊరజాతి. తల పెద్దది, దవడలు ఇంకా పెద్దవి. మంచిదే. మనుషుల్ని కరిచేది కాదు, మిగతా అన్నిటినీ కొరికేది. మావారి కిర్రుచెప్పులు కొరికింది. మంచం కోడు కొరికింది. బావి చేద తాడును సగం దాకా నమిలి ఊరుకుంటే, ఆ సంగతి తెలియక నేను చేద దించితే బొక్కెన బావిలో పడింది. చివరికి కొట్లో ఉప్పు బస్తా చించి, ఉప్పు నాకి, రాత్రంతా నీళ్ల కోసం ఏడ్చింది.

మావారు నెమ్మదస్తులు. ఆ నెమ్మదితోనే చెప్పారు. "ఇంకొక్క వస్తువు చింపిందంటే శబరి అవతలికి పంపించేస్తా. అడవిలో వదిలేస్తారు."

అడవిలో వదిలేయడమంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. ఇళ్లలో పెరిగిన కుక్కను చిరుతపులి ఒక్క పూట కూడా ఉంచదు. కనుక నేను కారణం వెతికాను. కుక్క చెడ్డది కాదు. దానికి పళ్లున్నాయి, పళ్లకు పని లేదు. పని కల్పిస్తే బస్తాల జోలికి రాదు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదని ఇప్పటికీ అంటాను. దానికి నమలడానికి ఒక ఆటవస్తువు చేసి ఇస్తానన్నాను. మావారు నా లేసు సూది వైపు చూసి, "దానితోనా?" అన్నారు.

మొదట నూలు దారంతో ఒక బొమ్మ అల్లాను. గుండ్రటి తల, పొట్ట, నాలుగు కాళ్లు, లోపల దూది. చూడడానికి ముచ్చటగానే ఉంది. కుక్క దాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని ఒక్క లాగు లాగింది. తల ఊడింది. దూది బయటికి వచ్చింది. నేను పరుగెత్తి వెళ్లేలోపు కొంత మింగేసింది కూడా. మర్నాడు అది దగ్గుతూ, కక్కుతూ ఉంటే పక్కనే కూచుని నన్ను నేను తిట్టుకున్నాను. ఆడించబోయి చంపేదాన్ని.

దూది వద్దనుకున్నాను. తలా కాళ్లూ కూడా వద్దు, పళ్లకు దొరికేలా ముందుకు పొడుచుకొచ్చేది ఏదీ ఉండకూడదు. రెండోసారి పురికొసతో ఉత్త బంతి అల్లాను. దాన్ని ఊడదీయడానికి కుక్కకు ఒక పూట పట్టింది. పన్ను అల్లికలోని ఒక కన్నులో దూరింది, ఆ కన్ను సాగింది, పక్క కన్ను సాగింది. పొద్దు గూకేసరికి పెరడంతా పురికొసే. అప్పుడు తెలిసింది నేను చేస్తున్న పొరపాటు. లేసు అందమంతా చిల్లుల్లో ఉంటుంది. చిన్నప్పటినుంచి నా వేళ్లు చిల్లులు పెట్టడానికే అలవాటు పడ్డాయి. కుక్కకు కావలసింది చిల్లు లేని అల్లిక. ఎదుటివాడి సందులో వేలు దూర్చి లాగడం నా ఒక్కదాని విద్యే అనుకున్నాను. దానికీ వచ్చు, నాకన్నా బాగా వచ్చు.

సంతలో దోర్ల ఆడవాళ్లు అడ్డనార తాళ్లు అమ్మేవారు. విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగ నుంచే ఆ నార తీస్తారు. ఎద్దు లాగినా తెగదు. ఒక మోపు కొని, నానబెట్టి, విడదీసి, సన్నగా పేనుకున్నాను. ఆ నారకు నా లేసు సూది మొదటి వరుసలోనే విరిగింది. పాత బొక్కెన కమ్మీని కమ్మరి పని చేసే లోహారు చేత సాగగొట్టించి, కొనకు కొక్కెం పెట్టించుకున్నాను. అది పట్టుకుని కూచుంటే సూది పట్టుకున్నట్టు లేదు, పొయ్యి ఊచ పట్టుకున్నట్టుంది. ప్రతి కన్నూ బిగించి లాగాలి. లాగిన ప్రతిసారీ నార వేలి మడతలో కోసుకుపోయేది. నార తడిగా ఉన్నప్పుడే అల్లాలి, ఆరితే వంగదు. ఒక వరుస మీద ఇంకో వరుస వేసి, మూడు పొరలు చేసి, దాన్ని చుట్టగా చుట్టి, మళ్లీ పైనుంచి అల్లాను. మొదలూ చివరా ఎక్కడున్నాయో నాకే తెలియనంతగా లోపలికి దూర్చేశాను. ముడి వేస్తే పన్ను ముడినే పట్టుకుంటుంది. అందుకని ఎక్కడా ముడి వేయలేదు.

అంతా అయ్యాక అది ఒక లావుపాటి వలయంగా తేలింది. నెత్తిన కుండ పెట్టుకునేటప్పుడు కింద వేసుకునే చుట్టకుదురు లాగే ఉంది. మా అత్తగారు దాన్ని దూరం నుంచే చూశారు.

"కుక్కకు చుట్టకుదురా? కుండ ఏడుంది మరి? నీళ్లు తెమ్మని శబరికి పంపుతవా?"

బెల్లం నీళ్లు కాస్త రాసి కుక్క ముందు వేశాను. అది ఒక పక్క నమిలింది, తిప్పి ఇంకో పక్క నమిలింది. పాదాలతో తొక్కి లాగింది. ఒక్క కన్ను కూడా రాలేదు. ఆ సాయంత్రం వరకూ నమిలి, వలయం మీదే తల పెట్టుకుని పడుకుంది. మావారు కొట్టు కట్టి వచ్చి, చెప్పులు విడిచిన చోటే ఉన్నాయో లేదో చూసుకుని భోజనానికి కూచున్నారు. పెళ్లయ్యాక నేను గెలిచిన మొదటి వాదం అది.

అక్కడితో అయిపోతే ఇది రాయవలసిన పని లేదు. కుక్క ఆ వలయాన్ని వదిలేది కాదు. ఎక్కడికి వెళ్తే అక్కడికి మోసుకుపోయేది. వడియాలు ఎండే చోటు, తులసికోట అరుగు, వంటింటి గడప, అన్ని చోట్లా దాన్ని పెట్టి కాపలా కూచునేది. మా అత్తగారి లెక్కలో అది ఆటవస్తువు కాదు. ఇల్లంతా తిరుగుతున్న ఎంగిలి.

ఎంగిలి అన్న మాట మీద మేమిద్దరం ఎన్ని పూటలు పాడుచేసుకున్నామో. నేను రోజూ బావి దగ్గర కడుగుతున్నాను కదా అన్నాను. నీళ్లతో కడిగితే మట్టి పోతుంది గానీ ఎంగిలి పోతుందా అన్నారు ఆవిడ. ఎంగిలి అంటే ఉమ్మే, ఉమ్మి నీళ్లలో కరుగుతుందని నేను. తేనెటీగ ఎంగిలిని దేవుడికి అభిషేకం చేసే వాళ్లు కుక్క ఎంగిలికి ఎందుకింత భయపడాలని కూడా అడిగాను. మా పుట్టింటి అరుగు మీదైతే ఆ మాటకు చప్పట్లు కొట్టేవారు. మా అత్తగారు బియ్యంలో రాళ్లు ఏరుతూ, "అట్లనే కానీ తీ," అన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటో అప్పటికే నాకు తెలిసి ఉండాల్సింది.

సంత రోజు వచ్చింది. కొట్టు ముందు ఎడ్లబండ్లు, బుట్టలు, అడవి పల్లెల నుంచి వచ్చిన జనం. కుక్క అరుగు చివర కట్టుతాడు పొడవున పడుకుని వలయం నములుతోంది. ఆ పొద్దున వలయం తడిగా ఉండడం చూసి, రాత్రి మంచుకు తడిసిందనుకున్నాను. లోపలికి వెళ్లి ఏదో పనిలో ఉండగా బయట కేకలు వినిపించాయి. దోర్లీలో ఒకరు, తెలుగులో ఒకరు, హిందీలో ఒకరు. మూడింటి అర్థమూ ఒకటే. పిచ్చికుక్క.

వచ్చి చూస్తే కుక్క మూతి నిండా నురగ. తెల్లగా, బుడగలు బుడగలుగా, మెడ మీదికి కారుతోంది. తల విదిలిస్తోంది, మూతిని నేలకు రాస్తోంది, గుర్రుమంటోంది. జనం బుట్టలు వదిలేసి వెనక్కి తగ్గారు. ఆడవాళ్లు పిల్లల్ని బండ్ల మీదికి ఎక్కించారు. ఎవరో అప్పటికే ఠాణాకు పరుగెత్తారు.

ఆ భయాన్ని నేను తీసిపారేయను. పిచ్చికుక్క కరిచి చచ్చిపోయిన మనిషిని చూసినవాళ్లు ఆ గుంపులో ఉన్నారు. మందున్న ఆసుపత్రి పడవలో రోజుల తరబడి దిగువకు పోతే గానీ రాదు. నిజంగా పిచ్చెక్కిన కుక్కయితే తుపాకీ తెమ్మని నేనే అడిగేదాన్ని. కానీ కారణం చూడాలి కదా. నిన్న రాత్రి అన్నం తిన్నది, పొద్దున నా కాళ్ల చుట్టూ తిరిగింది, మనిషి మీదికి పోవడం లేదు.

ఠాణా జవాను తుపాకీతో వచ్చాడు. రాయపూర్ వైపు మనిషి, తెలుగు ముక్కలుముక్కలుగా మాట్లాడేవాడు. మర్యాదస్తుడే. పిచ్చికుక్క కనిపిస్తే కాల్చమని తనకు హుకుం ఉందన్నాడు. నేను అడ్డం నిలబడి కారణాలన్నీ చెప్పాను. చివరికి ఇది కూడా అన్నాను, పిచ్చెక్కిన కుక్క నీళ్లకు భయపడుతుంది. దీని ముందు నీళ్లు పెట్టండి, తాగితే దీనికి పిచ్చి లేనట్టే.

అతను "ఠీక్ ఉంది అమ్మగారూ, పెట్టండి," అన్నాడు.

మూకుడు నిండా నీళ్లు పోసి కర్రతో దాని ముందుకు నెట్టాను. సంత అంతా చూస్తోంది. కుక్క మూకుడులో మూతి పెట్టింది. వెంటనే తల వెనక్కి లాక్కుని, తుమ్మి, మూకుడు నుంచి దూరంగా జరిగి, మళ్లీ తల విదిలించింది. జనం ఒక్కసారిగా ఇంకాస్త వెనక్కి జరిగారు. జవాను నా వైపు చూశాడు. ఆ చూపులో ఎగతాళి లేదు, జాలి ఉంది. నేను పెట్టిన పరీక్షలో నా కుక్కే నాకు ఎదురు సాక్ష్యం చెప్పింది.

తుపాకీ భుజం మీదికి వెళ్తుండగా నా కంటికి వలయం కనిపించింది. దాని మీదా నురగ ఉంది. కుక్క మూతిలో నుంచి పడింది కాదు, అల్లిక సందుల్లోంచి బుసబుస పొంగుతోంది. తీసి నొక్కాను. ఇంకా పొంగింది. నురగ కుక్కది కాదు, దీనిదే అని అరిచాను. ఎవరికీ అర్థం కాలేదు. నొక్కి చూపించాను. కుక్క ఉమ్మి అందులోకి దిగిందన్నారు. ఇక నాకు వేరే దారి తోచలేదు. వలయాన్ని రెండు చేతులా పట్టుకుని, కుక్క నమలని పక్క చూసుకుని, గట్టిగా కొరికాను.

కుంకుడుకాయ. నోరంతా చేదు, గొంతులో మంట, కళ్ల నుంచి నీళ్లు. ఇంత స్పష్టమైన రుజువు ఏ సభలోనూ ఎవరూ చూపి ఉండరు. కానీ ఆ రుజువు చెప్పడానికి నోరు తెరిస్తే మాటకు ముందు నురగ వచ్చింది. "చూడండి" అంటే పెదవి మీద ఒక బుడగ, "కుంకుడు" అంటే రెండు బుడగలు. నేను జనం వైపు ఒక అడుగు వేశాను. జనం రెండడుగులు వెనక్కి వేశారు.

"అయ్యో, సావుకారి పెండ్లానికీ అంటుకున్నది," అన్నది ఒక ముసలావిడ.

మావారు గల్లా పెట్టె వదిలి వచ్చి, నా చేయి పట్టుకోవాలో వద్దో తెలియక నిలబడిపోయారు. అందుకు నాకు ఇప్పటికీ కోపమే. జవాను ఇప్పుడు కుక్కను చూస్తున్నాడు, నన్ను చూస్తున్నాడు. అతని హుకుంలో మనుషుల సంగతి రాసి ఉండకపోవడం నా అదృష్టం.

అప్పుడు మడిబట్టతో మా అత్తగారు బయటికి వచ్చారు. కుక్క ఎంగిలి కోడలు నోట్లో పెట్టుకుందని ఎవరో చెప్పారు. ఆవిడకు తుపాకీ కనిపించలేదు, జనం కనిపించలేదు.

"ఏందే ఇది? ఆ ఎంగిలి పోవాలనే కదా పొద్దున్నే లేచి కుంకుడు రసంల నానేస్తి? కర్రతోని ముంచితి, కర్రతోని తీస్తి, పైనుంచి నీళ్లు పోస్తి. నేను ముట్టని దాన్ని నువ్వు నోట్ల పెట్టుకుంటివా?"

జవాను తుపాకీ దించాడు. ఏమన్నారు మాతాజీ, మళ్లీ చెప్పండి అన్నాడు. ఆవిడ మళ్లీ చెప్పారు, ఈసారి ఇంకా కోపంగా. చిక్కటి రసమనీ, తలంటుకు కొట్టిన కుంకుళ్లనీ, తన తలకు కూడా మిగలకుండా పోశాననీ చెప్పారు. జనం మొహాలు మారడం నేను చూశాను. నేను కళ్లముందు చూపించిన దాన్ని ఒక్కరూ నమ్మలేదు. ఎంగిలి వదిలించుకోవడానికి ఒక ముసలావిడ తెల్లవారుజామున లేచి కుంకుళ్లు పిసికిందంటే అందరూ నమ్మారు. అది వాళ్లకు తెలిసిన సంగతి. బిగుతుగా అల్లిన మూడు పొరల నడుమ ఆ రసం ఎలా నిలిచిపోయిందో, నమిలే కొద్దీ ఎలా బయటికి వచ్చిందో, నోరు మండే కుక్క నీళ్లు ఎందుకు తాగలేదో ఎవరూ అడగలేదు.

జవాను మెత్తబడ్డాడు గానీ పూర్తిగా కాదు. కొన్నాళ్లు కట్టేసి చూడాలన్నాడు, ఆ కొన్నాళ్లకు ఎవరైనా జమానత్, అంటే పూచీ, ఉండాలన్నాడు. నేను ముందుకు వచ్చాను. నా మూతి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "మాతాజీ ఉండాలి," అన్నాడు.

మా అత్తగారు నన్ను ఒక్కదాన్ని పక్కకు పిలిచారు. "ఉంట. కానీ నువ్వు ముందు తలకు పోసుకోని పంచగవ్యం పుచ్చుకో. అది నోట్ల పెట్టుకున్న నోటితోని నా వంటింట్లకు ఎట్ల వస్తవ్? నువ్వు శుద్ధి కాకుంటే నేను ఆ కుక్కకు పూచీ పడను."

ఆవు పాలు, పెరుగు, నెయ్యి, పేడ, పంచితం కలిపిన ఆ గుక్కెడు మీద మా నాన్న ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చారో నాకు కంఠతా వచ్చు. సముద్రం దాటి చదువుకుని వచ్చినవాళ్లను, మళ్లీ పెళ్లి చేసుకున్న ఆడవాళ్లను లొంగదీయడానికి వాడిన గుక్క అది. ఆవిడతో వాదించాను. నీళ్లతో పుక్కిలిస్తాను, ఉప్పుతో తోముతాను అన్నాను. ఆవిడ ఈసారి "అట్లనే కానీ" అనలేదు. కాదని తల ఊపారు. అరుగు మీద కుక్క ఇంకా మూతి రాసుకుంటోంది. జవాను తుపాకీ మోకాళ్ల మీద పెట్టుకుని కూచున్నాడు, నీడను బట్టి పొద్దు లెక్కేసుకుంటున్నాడు.

తడిబట్టలతో పెరట్లో నిలబడి తాగాను. దడి మీదినుంచి సంత అంతా తొంగి చూసింది. మా అత్తగారు బయటికి వెళ్లి జమానత్ ఉన్నారు. కుక్క బతికింది.

దాన్ని బావి గట్టు దగ్గర కట్టేసి, రెండు పూటలా నేనే అన్నం పెట్టాను. సాయంత్రానికి నీళ్లు తాగింది. రోజులు గడిచినా దానికి ఏమీ కాలేదు, నాకూ కాలేదు. జవాను వచ్చి చూసి, నవ్వి వెళ్లాడు. నేను కొత్త వలయం అల్లాను, ఈసారి నడుమ నీళ్లు నిలవకుండా రెండు పొరలే వేసి. నార పోగు లేచిన రోజున దాన్ని తీసేసి ఇంకొకటి అల్లేదాన్ని. కిర్రుచెప్పులు మళ్లీ ఎప్పుడూ పోలేదు.

ఊళ్లో మాత్రం ఇంకో కథ తయారైంది. కుక్కకు పిచ్చెక్కింది, కోడలికి అంటుకుంది, అత్త పంచగవ్యం పోసింది, ఇద్దరికీ తగ్గింది. కొట్టుకు వచ్చిన ప్రతి మనిషికీ కుంకుడుకాయ సంగతి చెప్పాను. ఆ పాత వలయాన్ని నీళ్లలో నొక్కి నురగ చూపించాను. విని, తల ఊపి, ఉప్పు కట్టించుకుని వెళ్లేవారు. వాళ్లూ "అట్లనే" అనేవారు.

వానలు పడ్డాక ఒకాయన శబరి దాటి మా ఇంటికి వచ్చాడు. పొలం పని చేసుకునే మనిషి. పిక్క మీద రెండు పళ్ల గాట్లు. తమ ఊరి చివర ఎవరిదో తెలియని కుక్క కరిచి అడవిలోకి పోయిందట. చేతిలో ఖాళీ చెంబు ఉంది. మా అత్తగారి దగ్గర ఆ మందు పోయించుకుపోదామని వచ్చాడు.

మా అత్తగారు నాకన్నా ముందే కాదన్నారు. "అది ఎంగిలికి నాయనా, పిచ్చికి కాదు." ఆ ఒక్కసారి మేమిద్దరం ఒకే పక్షం. ఆవిడ మాట కూడా పనిచేయలేదు. పెద్దమ్మ పరాయి ఊరివాళ్లకు ఇవ్వదల్చుకోలేదని అతను అనుకుంటున్నట్టు మొహంలోనే కనిపించింది. నేను గాయం కడిగాను, కార్బాలిక్ సబ్బుతో మళ్లీ మళ్లీ కడిగాను. దిగువకు వెళ్లే పడవ ఉందని, ఆసుపత్రిలో సూదిమందు ఉందని, మావారు తోడు పంపుతారని చెప్పాను. నాట్లు వేసే సమయం అన్నాడు. అంత దూరం ఎట్ల పోవాలి అన్నాడు. ప్రాణం పోతుందన్నాను. నా జన్మలో అంత గట్టిగా, అంత బాగా ఎప్పుడూ వాదించలేదు.

అతను అంతా విన్నాడు. చివరికి నెమ్మదిగా, నొప్పించడం ఇష్టం లేనట్టు అడిగాడు.

"మరి మీరు తాగిన్రు కదమ్మా. నేనే దడి మీదికెల్లి చూసిన."

నా దగ్గర జవాబు ఉంది. పెద్ద జవాబు, అన్ని కారణాలతో సహా. చెప్పాను కూడా. అతను చెంబు పట్టుకుని లేచాడు. పక్క పల్లెలో ఆవులున్న ఇల్లు ఏదని వీధిలో ఎవరినో అడుగుతుండడం వినిపించింది. ఎలాగైనా పడవ ఎక్కించమని మావారిని వెంట పంపాను. రేవు దాకా వెళ్లి ఒక్కరే తిరిగి వచ్చారు. అతన్ని కరిచిన కుక్కకు పిచ్చి ఉందో లేదో, ఆ మనిషి ఏమయ్యాడో మాకు తెలియలేదు. ఆ వానాకాలమంతా శబరి దాటి ఎవరు వచ్చినా అడిగాను. అతని ఊరు పేరు అడిగి పెట్టుకోలేదు గనుక, ఎవరి గురించి అడుగుతున్నానో వాళ్లకు చెప్పలేకపోయాను.